‘ఊరోళ్లకు ఆటలెందుకు?’ అన్న మెసేజ్‌కు జవాబు

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ దిక్కు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ చాలా రోజులుగా తిరుగుతోంది. నడుంలోతు గడ్డి మొలిచిన క్రీడా ప్రాంగణం ఫొటో పెట్టి, కింద ఐదు మాటలు రాశారు. పల్లెటూరోళ్లు పొద్దంతా పొలంలో కష్టపడతారు, వాళ్లకు వేరే వ్యాయామం అక్కర్లేదు. ఊరూరా ఆటస్థలం పెడితే గడ్డి మొలిచింది, జనానికి ఆసక్తి లేదని దాంతోనే తేలింది. ఆ డబ్బేదో మెడల్ తెచ్చేటోళ్లకు ఇస్తే పేరన్నా వస్తది. పిల్లలు ఆటల్లో పడితే చదువు అటకెక్కుతది. ఎవరి ఒళ్లు వాళ్లు చూసుకోవాలె, నడుమ సర్కారుకేం పని.

ఫొటో అబద్ధం కాదు. అట్లాంటి ప్రాంగణాలు చాలానే ఉన్నాయి. దాన్ని చూపించి చెబుతున్న మాటలే నిలబడవు. వరుసగా చూద్దాం. రెండో మాట దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. అసలు లోపం ఉన్నది అక్కడే.

“పొలం పని చేసేటోళ్లకు వ్యాయామం ఎందుకు?”

ఇందులో కొంత నిజముంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ గానీ, 75 నుంచి 150 నిమిషాలు గట్టి శ్రమ గానీ చేయాలి. ఆట, నడకతోపాటు పొలం పని, ఇంటి పని కూడా ఆ లెక్కలోకి వస్తాయి. నాట్లు వేసే ఆమెకు ఆ సీజన్‌లో రెండు రోజుల్లోనే వారం లెక్క నిండుతుంది. ఆమెను జిమ్‌కు పొమ్మని ఎవరూ అనడం లేదు.

మరి ఊళ్లో అందరూ నాట్లే వేస్తున్నారా? నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో బీడీలు చేసే ఆడవాళ్లు ఒడిలో చాట పెట్టుకుని పొద్దంతా ఒక్క జాగాలో కూర్చుంటారు. చేతివేళ్లు తప్ప ఒంట్లో ఏదీ కదలదు. సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మీద పనిచేసే కార్మికుడు షిఫ్టంతా మగ్గాల నడుమ నిలబడే ఉంటాడు. దుక్కికి ట్రాక్టర్, కలుపుకు మందు, కోతకు హార్వెస్టర్ వచ్చాయి. ఐదెకరాల వరి రైతు బావి కాడికి బండి మీద పోయి, మోటరు చూసుకుని, బండి మీదే తిరిగొస్తాడు. యాసంగి కోతలైపోయాక వానలు పడేదాకా ఆ పని కూడా ఉండదు.

లెక్కలు కూడా ఇదే చెబుతున్నాయి. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతా చేయించిన మధుమేహ సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. షుగర్ ఉన్నవాళ్లు పట్నాల్లో 16.4 శాతం, పల్లెల్లో 8.9 శాతం. షుగర్ అంచుకు వచ్చి నిలబడ్డవాళ్లు మాత్రం పట్నాల్లో 15.4, పల్లెల్లో 15.2. అంటే రేపటి రోగుల లెక్కలో పల్లెకు, పట్నానికి తేడా లేకుండా పోయింది. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి కావలసినంత కదలిక లేదు. ఆడవాళ్లలో ఇది 57 శాతం, మగవాళ్లలో 42 శాతం.

ఇంకో మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలే వారానికి కనీసం రెండు రోజులు కండరాల బలానికి కసరత్తు చేయమన్నాయి. 65 దాటినవాళ్లు పడిపోకుండా ఉండేందుకు వారానికి మూడు రోజులు తూకం నిలిపే కసరత్తులు చేయాలన్నాయి. గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం, మడమకు బొటనవేలు ఆనించి గీత మీద నడవటం, చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం లాంటివన్న మాట. రోజంతా వంగి చేసే పనిలో ఇవి రావు. పొద్దంతా వంగిన నడుముకు కావలసింది దాన్ని వెనక్కి సాగదీసి బలపరిచే కసరత్తు.

‘10 వేల అడుగులు నడవకుంటే దండగే’ అనే మాట కూడా ఈ మెసేజ్‌తో కలిసి తిరుగుతోంది. ఆ అంకె 1965లో జపాన్‌లో అమ్మకానికి పెట్టిన అడుగుల మీటరు పేరులోంచి వచ్చింది, వైద్య పరిశోధనలోంచి కాదు. ఒక దమ్మున కనీసం 10 నిమిషాలైనా చేస్తేనే లెక్క అనే పాత షరతును కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తీసేసింది. బీడీలు చేసే ఆమె గంటకోసారి చాట పక్కన పెట్టి ఐదు నిమిషాలు వాడకట్టంతా తిరిగొచ్చినా లెక్కే.

“గడ్డి మొలిచింది, అంటే ఆసక్తి లేదు”

తెలంగాణ క్రీడా ప్రాంగణాలు 2022 జూన్ 2న, రాష్ట్ర అవతరణ దినాన మొదలయ్యాయి. ఊరికొక ఆటస్థలం, అందులో వాలీబాల్, కబడ్డీ, ఖో-ఖో కోర్టులు, లాంగ్‌జంప్ గుంత, కసరత్తు చేసే బార్లు. ఆలోచన మంచిదే. ఎన్ని పెట్టారన్న దాని మీద ఉన్న ధ్యాస ఎక్కడ పెట్టారు, ఎట్లా పెట్టారు, ఎవరి చేతిలో పెట్టారు అన్న వాటి మీద లేకపోయింది. ఎందుకు పాడుబడ్డాయో చూస్తే జనాన్ని తప్పుపట్టడం ఎంత అన్యాయమో తెలుస్తుంది.

మొదటి లోపం జాగా. ఊరికి ఆనుకుని సర్కారు భూమి దొరక్క ఎన్నో చోట్ల చెరువు శిఖంలోనో, గుట్ట పక్కనో, శ్మశానం వెనకనో ఇచ్చారు. కిలోమీటరు దూరం, తొవ్వ పొడుగునా లైటు లేదు. అట్లాంటి జాగాకు పన్నెండేళ్ల ఆడపిల్లను పొద్దుమీకినంక ఏ తల్లి పంపుతుంది? ఆడేది సాయంత్రమే కదా. ఏప్రిల్, మే నెలల్లో రామగుండం, ఆదిలాబాద్, నిజామాబాద్ దిక్కు 43 డిగ్రీలు మామూలే. పొద్దుగాల 8 దాటినంక, సాయంత్రం 5:30 కాకముందు మైదానంలో కాలు పెట్టలేం. లైటు లేకుంటే ఆ నెలల్లో సాయంత్రం దొరికేది గంట సేపే.

జాగా చిన్నదనే మాట మాత్రం సాకు. ఎకరం జాగా ఉందనుకుందాం, అంటే 40 గుంటలు. వాలీబాల్ కోర్టు 18 మీటర్లు, 9 మీటర్లు. చుట్టూ 3 మీటర్లు వదిలితే మూడున్నర గుంటలు పడుతుంది. మగవాళ్ల కబడ్డీ కోర్టు 13 మీటర్లు, 10 మీటర్లు. చుట్టూ వదిలిన జాగాతో మూడు గుంటలు. ఖో-ఖో 27 మీటర్లు, 16 మీటర్లు. చుట్టూ వదిలిన జాగాతో అది ఏడు గుంటలకు కాస్త పైన. లాంగ్‌జంప్‌కు 40 మీటర్ల పరుగుబాట, గుంత కలిపి రెండు గుంటల లోపే. ఇవన్నీ పోను సగానికి పైగా జాగా మిగులుతుంది. ఆ ఎకరం 70 మీటర్లు, 58 మీటర్ల ముక్క అనుకుంటే అంచు వెంట రెండు మీటర్ల వెడల్పున నడకబాట వేయొచ్చు. నాలుగు చుట్లకు కిలోమీటరు అవుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు ఊళ్లో అంతకన్నా పనికొచ్చేది ఇంకోటి లేదు. చాలా ప్రాంగణాల్లో లేనిది కూడా ఇదే.

రెండో లోపం నేల. చెల్క నేలలో ఇబ్బంది తక్కువ. నల్లరేగడిలో వానకు మోకాలిలోతు బురద, ఎండకు కాలు ఇరుక్కునేంత నెర్రెలు. అక్కడ పైమట్టి అడుగు లోతు తీసి మొరం నింపాలి. ఒక్కసారే కుప్పలు పోసి బ్లేడు ట్రాక్టర్‌తో సాపు చేస్తే మొదటి వానకే కుంగుతుంది. మూడు నాలుగు అంగుళాల పొరలుగా పోసి, నీళ్లు కొట్టి, ప్రతి పొర మీదా రోలర్ తిప్పాలి. వాలీబాల్ కోర్టు జాగా ఒక్కదానికి అర అడుగు మందం వేయాలన్నా, ట్రాలీకి 3 ఘనపు మీటర్ల లెక్కన, పద్దెనిమిదికి పైగా ట్రిప్పులు పడతాయి. రేగడిలో దానికి రెట్టింపు. ఐదారు ట్రిప్పులు పోసి బిల్లు చేసుకున్న చోట మిగిలేది గడ్డే. నీళ్లు నిలవకుండా కోర్టుకు మీటరుకు 5 మిల్లీమీటర్ల వాలు ఇవ్వాలి, చుట్టూ చిన్న కాలువ తీయాలి.

కబడ్డీకి మొరం పనికిరాదు. ఈ తప్పు చాలా చోట్ల జరిగింది. మైదానం మొత్తం ఒకే తీరుగా మొరం కొట్టేశారు. దాని మీద కూత పెట్టి వచ్చినవాణ్ని పట్టి పడేస్తే మోకాళ్లు, మోచేతుల తోలు లేచిపోతుంది. రెండోరోజు ఎవరూ రారు. కబడ్డీ కోర్టును తవ్వి, రాళ్లు ఏరి, జల్లెడ పట్టిన ఎర్రమట్టిలో ఇసుక కలిపి నింపాలి. ఆడేముందు నీళ్లు చల్లాలి. లాంగ్‌జంప్ గుంతదీ అదే కథ. కనీసం 2.75 మీటర్ల వెడల్పు, అడుగు లోతు ఇసుక ఉండాలి. వాన పడి ఆరినప్పుడల్లా ఇసుక గట్టిపడుతుంది, పారతో తిరగేయాలి. తిరగేయని గుంతలో దూకితే మడమ బెణుకుతుంది. ఒక్క పిల్లవానికి బెణికితే ఊళ్లో ఇక ఎవరూ దూకరు.

కోర్టుల దిక్కు కూడా చూసుకోవాలి. పొడుగు ఉత్తరం దక్షిణంగా ఉండాలి. తూర్పు పడమరగా వేస్తే సాయంత్రం ఆటలో ఒక జట్టు కళ్లలో సూర్యుడు సూటిగా కొడతాడు.

ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద లోపం. వాలీబాల్ గుంజలు పాతారు. నెట్టు ఏది? మొదటి రోజు ఫొటోలకు కట్టారు. కట్టిన నెట్టును అట్లనే వదిలేస్తే ఎండకు, వానకు దారం కుళ్లి ఏడాది తిరక్కముందే చినిగిపోతుంది. దాన్ని ప్రతి సాయంత్రం కట్టాలి, ఆట అయిపోయాక విప్పి, చుట్టి, ఇంట్లో పెట్టాలి. మగవాళ్లు ఆడేటప్పుడు పైఅంచు 2.43 మీటర్లు, ఆడపిల్లలు ఆడేటప్పుడు 2.24 మీటర్లు ఉండాలి. గుంజలకు రెండు ఎత్తుల్లోనూ కొక్కేలు లేకుంటే ఆడపిల్లలకు ఆట లేనట్టే. గుంజను అడుగు లోతున మట్టిలో పాతి వదిలేస్తే నెట్టు బిగించినప్పుడల్లా లోపలికి వంగుతుంది. మూడడుగుల గుంత తీసి కాంక్రీటు పోయాలి. బంతికి వారానికోసారి గాలి కొట్టాలి, పంపు కావాలి, పంపు సూది కావాలి. సూది విరిగితే ఆ వారం ఆట బందు.

ఈ పనులన్నీ ఎవరు చేస్తారు? పథకంలో గుంజల లెక్క ఉంది, బోర్డు లెక్క ఉంది. నెట్టు ఎవరి ఇంట్లో ఉండాలో లేదు. పంచాయతీ కార్యదర్శికి పన్నులు, నర్సరీ, పింఛన్లు, చెత్త బండితోనే పొద్దు గడుస్తుంది. దానికి తోడు 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిసి ప్రత్యేకాధికారులు వచ్చారు. అప్పట్లో ఒక్కొక్కరికి తన సొంత కొలువు కాక ఈ బాధ్యత అదనంగా పడింది. మైదానం మీద సర్కారు తుమ్మ, వయ్యారిభామ లేవడానికి రెండు వానాకాలాలు చాలు.

ఆసక్తి లేదనే వాళ్లు బతుకమ్మ తొమ్మిది రోజులూ ఊళ్లో ఏం జరుగుతుందో గుర్తు చేసుకోవాలి. హనుమకొండ పద్మాక్షి గుట్ట నుంచి చిన్న తండా దాకా ఆడవాళ్లు సాయంత్రం పూట గంట, రెండు గంటలు వంగుతూ లేస్తూ, చప్పట్లు కొడుతూ గుండ్రంగా తిరుగుతారు. డాక్టరు చెప్పే ఒక మోస్తరు శ్రమ అచ్చం అదే. అరవై ఏళ్లామె కూడా ఆడుతుంది. ఆ తొమ్మిది రోజులూ జాగా ఇళ్లకు దగ్గర, లైట్లు ఉంటాయి, తోడు ఉంటుంది, సమయం అందరికీ తెలుసు, వచ్చినందుకు ఎవరూ ఏమీ అనరు. ఈ ఐదూ పదో రోజున ఉండవు.

“మెడల్ తెచ్చేటోళ్లకు ఇవ్వండి”

మెడల్ తెచ్చేవాళ్లు ఎక్కడి నుంచి వస్తారు? 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 (మేధో వైకల్యం ఉన్నవాళ్ల విభాగం) పరుగులో కాంస్యం తెచ్చిన దీప్తి జీవంజిది వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ. అదే ఏడాది కోబేలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు కూడా పెట్టింది. ఆమె పరుగును మొదట గుర్తించింది బడిలో వ్యాయామం నేర్పే సారు. 2022, 2023లో వరుసగా ప్రపంచ బాక్సింగ్ ఛాంపియన్ అయిన నిఖత్ జరీన్‌ది నిజామాబాద్.

పదేళ్ల పిల్లల్లో రేపు మెడల్ ఎవరు తెస్తారో ముందే ఎవరికీ తెలియదు. వందమంది పరిగెత్తితేనే ఆ ఒక్కరు కనబడతారు. ఊళ్లో పరుగే లేకపోతే హకీంపేట స్పోర్ట్స్ స్కూలుకు ఎంపికలు ఎవరిలోంచి చేస్తారు? హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో సింథటిక్ ట్రాక్ ఉంది. 2021 సెప్టెంబరులో అక్కడే జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి, మహిళల 1500 మీటర్లలో హర్మిలన్ బైన్స్ జాతీయ రికార్డు బద్దలు కొట్టింది. అట్లాంటి ట్రాక్ కావాల్సిందే. దాని మీద పరిగెత్తే పిల్లలు మాత్రం పర్వతగిరి, ఏటూరునాగారం, మహాముత్తారం బడుల నుంచే రావాలి.

మెడల్ సాధించినవాళ్లకు ఇచ్చే నజరానా గెలిచాక ఇచ్చేది. అది అవసరమే. దాన్ని చూపించి ఊరి మైదానం పద్దు కోయడం విత్తనాలకు పెట్టాల్సిన డబ్బును కోత కూలికి కట్టడం లాంటిది.

“ఆటల్లో పడితే చదువు పోతది”

దీనికి పెద్ద జవాబు అక్కర్లేదు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2010లో బడి పిల్లల శారీరక శ్రమకు, చదువుకు ఉన్న సంబంధం మీద జరిగిన 50 పరిశీలనలను ఒకచోట చేర్చి చూసింది. పోల్చి చూసిన వాటిలో సగం చోట్ల చదువుకు మేలు కనబడింది. మిగతా సగంలో దాదాపు అన్ని చోట్లా మేలూ లేదు, కీడూ లేదు. కీడు కనబడింది నూటికి రెండు కన్నా తక్కువ చోట్ల. పదో తరగతిలో ఆటల పీరియడ్‌ను లెక్కల సారుకు ఇచ్చేయడం వల్ల మార్కులు పెరుగుతాయన్నది నమ్మకమే తప్ప రుజువు లేనిది. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల ఆట అవసరం. వారానికి రెండు పీరియడ్లు పెట్టి, అవి కూడా లాక్కుంటే ఆ గంట ఎక్కడి నుంచి రావాలి?

విద్యాహక్కు చట్టం షెడ్యూల్‌లోనే బడికి ఆటస్థలం ఉండాలని రాసుంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి మించి పిల్లలుంటే వ్యాయామ విద్యకు పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలనీ రాసుంది. మీ ఊరి బడిలో ఆ మనిషి ఉన్నాడా లేడా అడగండి. ఈ మెసేజ్ పంపడం కన్నా అది వెయ్యిరెట్లు పనికొచ్చే ప్రశ్న.

“సర్కారుకేం పని?”

రాజ్యాంగం ఏడో షెడ్యూల్ రాష్ట్ర జాబితాలో 33వ అంశంలో క్రీడలు ఉన్నాయి. అంటే ఇది రాష్ట్రం చూసుకోవాల్సిన పని అని కాగితం మీదే ఉంది. కాగితం సంగతి అట్లుంచి, నడవాలనే మనసు నాది, సరే. నడిచే తొవ్వ నేను వేసుకోగలనా? భద్రకాళి చెరువు బండ్ (కట్ట) మీద పొద్దుగాల ఎంతమంది నడుస్తారో వరంగల్ వాళ్లకు చెప్పనక్కర్లేదు. వారసత్వ నగరాల కోసం కేంద్రం తెచ్చిన హృదయ్ పథకం కింద దాన్ని బాగు చేశారు కాబట్టి నడుస్తున్నారు. అదే మనుషులు తమ కాలనీల్లో ఎందుకు నడవరంటే ఫుట్‌పాత్ మీద బండ్లు ఉంటాయి, లేనిచోట మోరీ మీద బండ లేచి ఉంటుంది, కుక్కలు ఉంటాయి. మనసు మారలేదు, తొవ్వ మారింది.

షుగర్, బీపీ ముదిరి కిడ్నీ, గుండె దాకా వచ్చినప్పుడు ఆరోగ్యశ్రీ కింద ఖర్చు పెట్టేదీ సర్కారే. ఆ ఖర్చు తన పని అయినప్పుడు, అది రాకుండా చూసే ఊరి నడకబాట, ఒక ఎల్‌ఈడీ లైటు తన పని ఎందుకు కాదు? కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్ ప్రకారం గ్రామీణ క్రీడల శిక్షణకు సామాజిక బాధ్యత నిధులు కూడా వాడొచ్చు. గనులు, పెద్ద ఫ్యాక్టరీల పక్కనున్న పంచాయతీలు తీర్మానం చేసి అడగాలి.

మరి గడ్డి మొలిచిన ఆ ప్రాంగణాన్ని ఏం చేయాలి? జాగా మరీ దూరమైతే దాన్ని పట్టుకుని వేలాడటం వదిలేయండి. సర్కారు బడి మైదానం ఊరి నడుమే ఉంటుంది. బడి వదిలాక 5 నుంచి 8 దాకా దాన్ని తెరిచి ఉంచేలా హెడ్‌మాస్టరు, పంచాయతీ కలిసి రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, గేటు విరిగితే బాగు ఎవరు చేయిస్తారు, కరెంటు బిల్లు ఎవరు కడతారు అన్న మూడూ ఆ కాగితంలో ఉండాలి. ఇవి రాయని చోట మూడో నెలలో గేటుకు తాళం పడుతుంది. వారంలో మూడు సాయంత్రాలు ఆడవాళ్లకే కేటాయించాలి, ఆ బాధ్యత మహిళా సంఘాల గ్రామ సమాఖ్యకు ఇవ్వాలి. జాగా దగ్గరే ఉంటే ముందు నడకబాట, రెండు లైట్లు, ఆ తర్వాత ఒక్క కోర్టు. ఊళ్లో పిల్లలు ఇప్పటికే రోడ్డు మీద ఏ ఆట ఆడుతున్నారో దాని కోర్టే మొదట వేయాలి.

సామాను పెద్దగా అక్కర్లేదు. తాళం వేసే ట్రంకు పెట్టె, రెండు వాలీబాళ్లు, ఒక నెట్టు, పంపు, నాలుగు సూదులు, అరడజను స్కిప్పింగ్ తాళ్లు, గీతలకు ఒక బస్తా సున్నం. దానికి ఒక మనిషి ఉండాలి. బడి పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయుడు) గానీ, వ్యాయామ విద్య కోర్సు చదివి ఖాళీగా ఉన్న ఊరి పిల్లగాడో పిల్లో గానీ, రోజుకు రెండు గంటలకు పంచాయతీ తీర్మానం చేసి గౌరవ వేతనం ఇవ్వాలి. ఊరికే చేయమంటే ఎన్నాళ్లు చేస్తారు?

పెట్టెలో ఒక రిజిస్టర్ కూడా పెట్టండి. తారీఖు, మగవాళ్లు ఎందరు, ఆడవాళ్లు ఎందరు, పిల్లలు ఎందరు, నడిచినవాళ్లు ఎందరు. రోజుకు ఒక్క వరుస చాలు. మండల సమీక్షలో ‘ఎన్ని ప్రాంగణాలు పూర్తి’ అన్న గడి పక్కన ‘నిన్న సాయంత్రం ఎందరు వచ్చారు’ అన్న గడి చేర్చమని ఎంపీడీవోను అడగండి. వరుసగా వారం రోజులు సున్నా పడితే వచ్చి చూడాల్సింది అధికారి. వచ్చాక ముందు నెట్టు ఎవరి ఇంట్లో ఉందో కనుక్కోవాలి.